నీలం సైకిలుకు కొత్త కొమ్ములు

రాగ్నిల్డ్ ఆ నీలం మౌంటెన్ సైకిలు కొన్నప్పుడు ఆమెకు ఇరవైనాలుగేళ్లు. డాల్స్‌లాండ్ అడవిలో వేర్లూ రాళ్లూ నిండిన కాలిబాటల్లో, అన్న సిక్స్‌టెన్ వెనకాలే ఆదివారాలన్నీ తిరిగేది. బాట ఒక్కరికే సరిపోయేంత ఇరుకు. అతని చక్రం చిమ్మిన బురదంతా ఆమె ముఖాన పడేది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని ఇద్దరూ పడీపడీ నవ్వేవారు.

తర్వాత సిక్స్‌టెన్ పెళ్లి చేసుకుని సరస్సు అవతలి ఊరికి మారిపోయాడు. ఆమె బడి వంటశాలలో పనికి కుదిరింది. ఏళ్ల తరబడి పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తీ ఎత్తీ మణికట్లు అరిగిపోయాయి. సైకిలు షెడ్డులో కట్టెల వెనక్కి చేరింది.

ఒక వసంతంలో కట్టెలు అయిపోయి అది బయటపడింది. టైర్లు బీటలు వారాయి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో స్ప్రింగులు బిగుసుకుపోయాయి. ఇక రాళ్ల మీద దూకించే ఓపిక ఆమెకు లేదు. కానీ ఊరి చుట్టూ కంకర దారులకు కొదవేముంది? అన్నకు ఫోన్ చేసింది.

"దీన్ని కంకర మీద తొక్కే గ్రావెల్ సైకిలుగా మార్చుకుంటాను అన్నయ్యా."

"పిచ్చి పట్టిందా నీకు? కొత్తది కొనుక్కోరాదూ!"

"కొత్తదాని మీంచి నేనెప్పుడు పడ్డాను? పడిందీ లేచిందీ అంతా దీంతోనేగా!"

విసుక్కున్నాడే గానీ శనివారం పొద్దున్నే పనిముట్ల పెట్టెతో దిగాడు. స్ప్రింగుల ఫోర్కు తీసి గట్టి ఉక్కు ఫోర్కు వేశారు. బుడిపెలు తక్కువున్న నున్నటి టైర్లు తొడిగారు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ బిగించారు. ఎక్కి కూర్చుంటే ఆమెకు అది అందీ అందనట్టుంది.

"నా చేతులు పొట్టివైపోయాయి."

"చేతులు కాదే, బండే పొడుగు," అని హ్యాండిల్‌ను పట్టి ఉంచే ముక్క తీసేసి పొట్టిది వేశాడు. కొత్త బ్రేకు పిడులు పాత బ్రేకులను సరిగా లాగలేదు. తిట్టుకుంటూ వెళ్లి, మరుసటి వారం వేరే పిడులు తెచ్చాడు.

జూన్‌లో ఇద్దరూ బయలుదేరారు. పట్టాలు పీకేసిన పాత రైలుదారి అది, ఇప్పుడంతా కంకర. అలవాటు కొద్దీ ఆమె వెనక్కి తగ్గింది.

"ఎక్కడున్నావే?"

"నీ వెనకాలే."

"ఇంత వెడల్పు దారి ఉంటే వెనకాలెందుకు? పక్కకు రా!"

వచ్చింది. సైకిలు తొక్కుతున్న అన్న ముఖం చూడటం ఆమెకదే మొదటిసారి. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, బడిలో లెక్కలు చేసే పిల్లాడిలా ఉన్నాడు.

"అప్పట్లో అంత జోరుగా ఎందుకు పోయేవాణ్నో తెలుసా?" అన్నాడు.

"గొప్ప కోసం."

"కాస్త సందు దొరికితే నువ్వు దాటేస్తావేమోనని భయం."

రాగ్నిల్డ్ నవ్వు ఆపుకోలేక సైకిలు దిగి గట్టు మీద కూర్చుండిపోయింది. అతనూ దిగి, ఫ్లాస్కు మూత తీసి, ముందు ఆమెకే కాఫీ పోశాడు.