నూట యాభై ముక్కల సముద్రం

ఆవిడ గాజు గొట్టం మూత తీసి, నల్లగుడ్డ పరిచిన ట్రేలోకి జిగ్సా పజిలు ముక్కలన్నీ ఒంపింది. ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరంత. బొమ్మ పైకి కనబడుతున్న వాటిని సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే బోర్లించడం మొదలుపెట్టింది. కౌంటరు దగ్గరున్న సేల్స్‌మన్ అది చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"అక్కా, బొమ్మ అవతలివైపుందక్కా. నువ్వు ఉత్త అట్ట చూస్తున్నావు."

"తెలుసులే. నువ్వు కస్టమర్ల మొహాలు చూసుకో."

ఈ సేల్స్‌మన్‌ని కళ్లద్దాల షాపులో అందరూ మైకు అంటారు. ఏ ఫ్రేము పెట్టినా "మీకోసమే చేసినట్టుందండీ" అనడం తప్ప, పదేళ్లలో ఒక్క స్క్రూ బిగించిన పాపాన పోలేదు. ఒకసారి ఒకాయన కళ్లద్దాల కాడ ఊడి చేతికొస్తే, దాన్ని అలాగే పట్టుకుని ఆ కంపెనీ గొప్పతనం గురించి ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ లోపల్నుంచి వచ్చి, కాడ లాక్కుని, అరనిమిషంలో బిగించి, నోరు మెదపకుండా వెనక్కి వెళ్లిపోయింది. పని రాని చోటే మాటలు ఊరతాయని ఆవిడ లెక్క.

లోపలి గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర ఆవిడ ఇరవయ్యారేళ్లు కూర్చుంది. ఎవరూ నేర్పలేదు. ఊడ్చి తుడవడానికి పనిలో చేరి, పెద్ద ఓనరు అద్దం అంచు అరగదీస్తుంటే పక్కన నిలబడి చూసి, పారేసిన పాత ఫ్రేముల మీద చెయ్యి తిప్పుకుంది. నువ్వుగింజలో సగం ఉండే స్క్రూని వేలికొనకు అంటించుకుని రంధ్రంలోకి దించడం పట్టుబడటానికి ఏడాది పట్టింది. అందులో ఆర్నెల్లు నేల మీద పడినవాటిని వెతకడానికే సరిపోయింది.

మూడు నెలల కిందట కుడికంటికి శుక్లాల ఆపరేషనయి ఇంట్లో ఉండిపోయింది. ఇంతలో పెద్ద ఓనరు షాపు కొడుక్కి అప్పగించాడు. ఆ చిన్న ఓనరు ఎక్కడో రెండ్రోజుల శిక్షణకి వెళ్లొచ్చినప్పటి నుంచి ఏకాగ్రత అనే మాట లేకుండా నోరు తెరవడం లేదు. ఏకాగ్రత పెరుగుతుందంటూ ఈ బుల్లి జిగ్సా పజిళ్లు డజను తెప్పించి కౌంటరు మీద నిలబెట్టాడు. గొట్టానికి నూట యాభై ముక్కలు, పైన బొమ్మ చీటీ. తను కూడా ఒకటి మొదలుపెట్టి, నాలుగు మూలలు దొరకగానే ఫొటో తీసుకుని లేచిపోయాడు.

ఇవాళ పొద్దున మళ్లీ పనికని ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే అతనే ఎదురొచ్చాడు.

"కన్ను ఎలా ఉందక్కా?"

"బాగుంది బాబూ."

"బాగుందని నువ్వంటే సరిపోతుందా? రేపు కస్టమరు అద్దం పగిలితే జవాబు చెప్పుకోవాల్సింది నేను కదా. ఒక పని చెయ్. ఈ పజిలు సాయంత్రం ఐదులోపు పూర్తి చేసివ్వు, షాపు ముందున్న అద్దాల బీరువాలో పెడదాం. అయిందా, నీ బల్లా, దాని సొరుగు తాళమూ నీవే. కాలేదా, మైకుతో పాటు కౌంటర్లో ఉండు. హాయిగా మాట్లాడుకుంటూ గడిపెయ్యొచ్చు."

హాయిగా మాట్లాడుకుంటూ! ఆవిడకు ఒళ్లు మండింది. నప్పని ఫ్రేము పెట్టుకున్నవాణ్ణి రాజకుమారుడని పొగుడుతూ నిలబడటమా? దానికంటే ఇంట్లో అంట్లు తోముకోవడం మర్యాద.

అసలు ఈ ఆటంటేనే ఆవిడకు చులకన. శుభ్రంగా ఉన్న బొమ్మను ఒకడు మిషన్లో పెట్టి ముక్కలు చేస్తాడు. ఇంకొకడు కొనుక్కుపోయి మళ్లీ అతుకుతాడు. ఇంతా చేస్తే అది ఎవరి ముక్కు మీదా నిలవదు, ఎవరికీ చూపివ్వదు. చెయ్యి మొద్దుబారకూడదని ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఇలాంటివే రెండు తెప్పించుకుని చేస్తుంటే, ఆడపడుచు కూడా ఆ మాటే అంది. "ముక్కలు చేసినోడు హాయిగా నిద్రపోతున్నాడు, నీకేం పట్టింది వదినా?"

అయితే ఒక సంగతి ఆవిడ ఆడపడుచుకు చెప్పలేదు. సరైన ముక్క సరైన చోట దిగినప్పుడు వేలికింద కదలిక ఠక్కున ఆగిపోతుంది, స్క్రూ ఆఖరి చుట్టు బిగిసినట్టు. ఆ ఒక్క క్షణం కోసం అన్నం చల్లారబెట్టుకున్న రోజులున్నాయి. చులకన చులకనే, అది వేరే సంగతి.

ముక్కలన్నీ బోర్లించాక ఫ్యాను కట్టేయించింది. ఇంత చిన్నవాటితో వచ్చే తంటాలన్నీ చేతికి సంబంధించినవే. పట్టకారు కాస్త గట్టిగా నొక్కితే అట్ట అంచు పొరలుగా విడిపోతుంది, వదులుగా పడితే ముక్క ఎగిరి బల్ల కిందికి పోతుంది. చెమట వేలితో తాకితే దిగిన ముక్క కూడా వేలిని పట్టుకుని లేచొస్తుంది. అందుకని పక్కన పొడిగుడ్డ పెట్టుకుని, రెండు ముక్కలకోసారి వేళ్లు తుడుచుకుంటూ ముందు అంచులు నిలబెట్టింది. తర్వాత బుడిపె ఉన్నవి ఒకవైపు, గుంటలు ఉన్నవి ఒకవైపు చేసి లోపలికి నడిచింది.

బొమ్మ చూసి అతకడం మైకులాంటివాళ్ల పద్ధతని ఆవిడ అభిప్రాయం. రంగు మోసం చేస్తుంది, ఆకారం చెయ్యదు. షాపులో అందరికీ అలాగే చెప్పింది కూడా. అందులో సగమే నిజం. మిగతా సగం, కొత్త కన్ను మీద ఆవిడకింకా నమ్మకం కుదరలేదు. దానికి తెలుపు మరీ తెల్లగా, నీలం కళ్లు చెదిరేంత నీలంగా కనబడుతోంది. పాత కన్నుకేమో అంతా పలచటి టీనీళ్లలోంచి చూసినట్టుంది. ఏది అసలు రంగో తేల్చుకోలేక, రెండింటినీ పక్కనపెట్టి వేళ్లను నమ్ముకుంది.

నాలుగున్నరకు ట్రేలో మూడు ఖాళీలు, పక్కన మూడు ముక్కలు మిగిలాయి. ఆ మూడూ ఆ ఖాళీల్లో పట్టలేదు. తిప్పి చూసింది, పట్టలేదు. ఎక్కడో చూసిన ఆకారాల్లాగే ఉన్నాయి. చూసినవే మరి. అచ్చం అలాంటివే మూడు అప్పటికే బొమ్మలో దిగి కూర్చున్నాయి.

ఆవిడ ట్రే మీద ఒక పెద్ద అట్ట మూసి, రెండూ కలిపి పట్టుకుని తిరగేసింది. సముద్రం, తెల్ల పడవ. నట్టనడి సముద్రంలో రెండు ఎర్ర ఇంటికప్పు ముక్కలు.

ఇరవయ్యారేళ్ల చెయ్యి! ఎర్రకప్పుని తెచ్చి నీళ్లలో దించి, ఠక్కున ఆగిందని మురిసిపోయింది. మైకు మీద పెట్టుకున్న చులకనంతా ఒక్క గుక్కలో తన మీదికి తిరిగింది. వాడైనా మొహం చూసి మాట్లాడతాడు.

"ఇలా రా తమ్ముడూ. ఈ గొట్టాలు కిందపోశావా?"

"నేనా? ఛ! నేనెందుకు పోస్తానక్కా?"

"సముద్రంలో ఇల్లు మునిగింది, చూడు."

మైకు వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మొన్న చెయ్యి తగిలిందక్కా. రెండే పడ్డాయి. లెక్కపెట్టే నింపాను. నూట యాభై, నూట యాభై."

"లెక్క మహా బాగుంది. రెండు బొమ్మలూ ఒకే అచ్చుతో కోశారు నాయనా. దీని ముక్క దాంట్లోనూ పడుతుంది. ఆ ఎర్ర ఇళ్ల గొట్టం పట్రా."

ముందు ఆ రెండు ఎర్రముక్కల్నీ పీకి, పక్కన మిగిలిన వాటిలోంచి అదే ఆకారపు సముద్రం ముక్కల్ని దించింది. ఇక అసలు ఖాళీలు మూడు. వాటి ముక్కలు రెండో గొట్టంలో ఉండాలి. తీరా ఖాళీ అయిన ట్రేలోకి ఒంపితే, ఇళ్లు పిడికెడే, మిగిలిందంతా ఆకాశం. గడియారం ఐదుకి పావు తక్కువ చూపిస్తోంది.

"అన్నీ నీలమే కదక్కా!" మైకు తల పట్టుకున్నాడు. "ఒక్కొక్కటే పెట్టి చూడటానికి రేపటిదాకా పడుతుంది."

"కాసేపు నోరు మూసుకుంటావా?"

ఆకారం మీద పోతే ఆకాశం ముక్క కూడా దిగిపోతుంది. ఆవిడ ఈసారి ముక్కల్ని బొమ్మ పైకి వచ్చేలా తిప్పి పరిచింది. ఎడమకన్ను మూసుకుంది. కుడికంటి ముందు ఆకాశం ఆకాశంలాగే పరుచుకుంది. దాని మధ్య ఒకచోట నీలంలో ఆకుపచ్చ జీర. పట్టకారు అక్కడికి వెళ్లింది. రెండోది ట్రే మూలన దొరికింది. మూడోది ఒక ఎర్రకప్పు కింద సగం దాక్కుని ఉంది. రెండు కళ్లూ తెరిచి చూస్తే మూడూ మళ్లీ ఆకాశంలో కలిసిపోతున్నాయి. ఎడమది మూస్తే సముద్రమే.

మూడూ దిగాయి. ఆఖరిది దిగినప్పుడు వేలికింద కదలిక ఆగింది. ఈసారి ఆవిడ వేలిని మాత్రమే నమ్మి ఊరుకోలేదు. ఒంటికంటితో వరసవరసా చూసుకుని, అప్పుడు పట్టకారు కింద పెట్టింది.

ఐదింటికి చిన్న ఓనరు ఫోను పట్టుకుని వచ్చాడు. "అయిపోయిందే! చూశావా అక్కా, నేను చెప్పలేదూ, ఏకాగ్రత ఉంటే..."

"ముందు నా సొరుగు తాళం బాబూ."

అతను జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని, బొమ్మ ఉన్న అట్టను రెండు చేతులతో ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.

"వంచకు. మాట్లాడకు కూడా. ఊపిరి తగిలితే లేచిపోతాయి."

అతను పెదాలు బిగించి, కళ్లు అట్ట మీదే పెట్టి, అడుగులో అడుగేసుకుంటూ బీరువావైపు నడిచాడు.