రిఫాత్ కారు, పది స్టడ్లు

ఆ సీజన్లో రిఫాత్ కారు కిలార్నీ ట్రాక్ మీద మళ్ళీ నీళ్ళు కార్చింది. ఎర్రజెండా పట్టుకునే స్టీవెన్స్ పరుగున వచ్చి కిటికీలో తల పెట్టాడు.

"ఏరా సోఫాలోడా, ఇది రేసు ట్రాకా, మీ ఇంటి బట్టలుతికే చోటా? వెనక కార్లన్నీ ఆగిపోయాయి చూడు. ఇంకొక్క చుక్క పడిందో, వచ్చే ఏడు గేటు కూడా దాటనివ్వను."

మిచెల్స్ ప్లెయిన్‌లో సోఫాలకు గుడ్డ తొడగడం రిఫాత్ పని. సాయంత్రమైతే పెరట్లో ఆ పాత డబ్బా కారు. అది నీళ్ళు కార్చకుండా ట్రాక్ ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కసారి పోతే చాలు. అంతకు మించి అతనికి కోరికల్లేవు.

జబ్బేమిటో తెలుసు. టర్బో ఇంజన్లోకి గాలిని మరీ కుక్కుతోంది. లోపలి పేలుడు జోరుకి, ఇంజన్ హెడ్డుని పట్టుకున్న పాత బోల్టులు సాగుతున్నాయి. హెడ్డు వెంట్రుకవాసి లేస్తోంది, ఆ సందులోంచి మంట నీళ్ళలోకి దూరుతోంది, నీళ్ళు బయటికి తన్నుకొస్తున్నాయి. ఆ గాలి జోరు, అదే బూస్ట్, తగ్గిస్తే అంతా సర్దుకుంటుంది. కానీ తగ్గించిన కారు పెళ్ళాం జైనప్‌ని ఎక్కించుకుని చేపల మార్కెట్‌కి పోవడానికే పనికొస్తుంది.

అందుకే జొహానెస్‌బర్గ్ నుంచి ఆ బోల్టుల బదులు గట్టి ఉక్కు స్టడ్లు తెప్పించాడు, తల లేకుండా రెండు కొసలా మర ఉన్న కడ్డీలు. శనివారం హెడ్డు విప్పి, కన్నాలు తుడిచి, పది స్టడ్లనీ వేళ్ళతో తిప్పి కింది ఇంజన్ బ్లాకులోకి దించాడు. అడుగు తగలగానే ఆపేయాలి, పానా తగిలించకూడదు. బలమంతా తర్వాత పైన వేసే నట్టు మీదే.

పెయింటు డబ్బా బోర్లించుకుని కూర్చున్న అఖ్మత్ మావయ్యకి అది మింగుడుపడలేదు. రిఫాత్ తల్లికి తమ్ముడు, రేవులో ఓడలకు నట్లు బిగించి రిటైరైన మనిషి.

"వేళ్ళతోనా? ఇదేమన్నా జామ్ సీసా మూతట్రా?"

"అంతే మావయ్యా. అలాగే చెయ్యాలి."

"ఎవడు చెప్పాడు? ఫోను వీడియోలో ఆ కళ్ళజోడు కుర్రాడా?"

"నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు. నీకు దణ్ణం పెడతా."

"నేనెందుకు పెడతానురా, నాకు నడుం నొప్పి."

మసీదుకెళ్ళి వచ్చాక రిఫాత్ సందు మూసే గ్యాస్కెట్ రేకు పరిచాడు, హెడ్డు దించాడు, సరైన బిగువు రాగానే టిక్కుమనే పానాతో నట్లన్నీ వరసగా బిగించాడు. నట్ల పైన స్టడ్ల మర అనుకున్నంత కనిపించలేదు. గ్యాస్కెట్ మందమేమోలే అనుకుని వదిలేశాడు. అక్కడ ఆగి చూసుంటే బాగుండేది.

మంగళవారం పనినుంచి రాగానే రేడియేటర్లో నీళ్ళు పోశాడు. సీజన్లో ఆఖరి పోటీ మర్నాడే. ఇంజన్ పై మూత ఇంకా పెట్టలేదు. మూలనున్న నట్టు పక్కన ఒక నీటిబొట్టు మెరిసింది. తుడిచాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచాడు. ఈసారి పక్క నట్టు దగ్గర కూడా ఊరింది.

చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు.

"మావయ్యా! స్టడ్లు ముట్టుకున్నావా?"

మావయ్య పాకంలో ముంచిన కోసిస్టర్ మిఠాయి ముక్క నోట్లో పెట్టుకుని ఆకాశంకేసి చూశాడు. "ముట్టుకోడమేంట్రా... నువ్వు మసీదుకెళ్ళినప్పుడు నట్టుమీద నట్టేసి ఒక్కోదాన్ని పానాతో ఓ పట్టు పట్టించానంతే. నీ మంచికే."

"కన్నాల అడుగు చిట్లిపోయింది! కింద నీళ్ళ గది ఉంటుంది మావయ్యా, అందులోకి పగిలింది! ఇంక ఈ బ్లాకు పాత ఇనప సామాన్లోడికే!"

"నేను బిగించిన ఓడ ఒక్కటైనా మునిగిందా, చెప్పు?"

"ఇది ఓడ కాదు!"

జైనప్ వంటింటి కిటికీలోంచి అరిచింది. "నీళ్ళలో ఉండేది ఓడే కదండీ. మీ కారూ ఎప్పుడూ నీళ్ళలోనే కదా!"

రిఫాత్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మావయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మర చుట్టూ కాస్త జిగురు పూసేద్దాం. ఎంతసేపు పోతుందిరా నీ కారు, కళ్ళు మూసి తెరిచేంత. ఆ కాసేపు ఆగదూ?"

ఆగొచ్చు. ఆ మాట రిఫాత్ బుర్రలో సాయంత్రమంతా తిరిగింది. జిగురు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఆగకపోతే? స్టీవెన్స్ జెండా, వెనక జనం ఈలలు, ఏడాదంతా మూసిన గేటు. గొట్టం అరలో పడేసి మొదటి నట్టు విప్పడం మొదలుపెట్టాడు.

బుధవారం సాయంత్రం కిలార్నీకి పోయే కార్లు వీధిలో హారన్లు కొట్టుకుంటూ పోయాయి. ఒకడు వేగం తగ్గించి, "సోఫా, రావట్లేదా? ట్రాక్ ఎండిపోతోంది పాపం!" అని కేకేశాడు. రిఫాత్ విప్పిన హెడ్డు మీద పాత గ్యాస్కెట్ గీకుతున్నాడు.

ఆదివారం మావయ్య ఎవరి బండిలోనో వేసుకుని వేరే బ్లాకు పట్టుకొచ్చాడు. సారీ అనలేదు. చేతులు తుడుచుకుని వంగాడు. "ఇటివ్వు, నేనే తిప్పుతా. వేళ్ళతోనే."

రిఫాత్ ముందు పానాలన్నీ ఏరి జైనప్ చేతికిచ్చి లోపలికి పంపాడు. అప్పుడు స్టడ్డు ఇచ్చాడు.

మావయ్య రెండు వేళ్ళతో తిప్పాడు. "చాలా?"

"చాలు."

"వదులుగా ఉందిరా."

"ఉండనీ."

"ఇంకొంచెం..."

"మావయ్యా!"