ముప్పై తొమ్మిది దగ్గర ఆగిన కంప్యూటరు

ఎవరింట్లోనైనా కంప్యూటరు కొన్నారంటే వీధిలోవాళ్లంతా గడప బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి, చేతులు కట్టుకుని చూసి వచ్చే కాలం ఒకటి ఉండేది. రెండు వేల మూడో నాలుగో అయి ఉంటుంది. కడపలో ఆరు నెలల కోర్సు చదివి సర్టిఫికెట్ పుచ్చుకున్న ప్రతివాడూ తనను తాను సగం శాస్త్రవేత్త అనుకునేవాడు. నేను సగంతో సరిపెట్టుకునే రకం కాదు. (నా మాటల్లో పాలకంటే నీళ్లే ఎక్కువని మా ఆవిడ అంటుంది. మీరు కాచుకుని తాగండి, నేనేమీ అనుకోను.) కడపలో ఒక కంప్యూటర్ల షాపులో పదిహేను రోజుల పరీక్ష మీద చేరాను. దాని యజమానిని మేము చాటుగా స్క్రూల సారు అనేవాళ్లం. బయటి పనికి వెళ్లొచ్చిన ప్రతివాడి జేబులు తడిమి స్క్రూలు లెక్క చూసుకునే మహానుభావుడు. ఇంట్లో మా నాయన అప్పటికే మంగంపేట ముగ్గురాయి గనిలో లారీలు తూచే కాటా దగ్గర నాకు పని మాట్లాడి పెట్టాడు. మా పెద్దమ్మ కొడుకు అక్కడే పనిచేసేవాడు. రోజూ సాయంత్రం ముగ్గురాయి పొడిలో మునిగి, బియ్యప్పిండి డబ్బాలో పడిన బల్లిలాగా ఇంటికొచ్చేవాడు. సోమవారం నుంచి నేనూ రెండో బల్లిని కావాలని మా నాయన తీర్మానం.

స్క్రూల సారు శుక్రవారం నన్ను పిలిచి, "రేపు జమ్మలమడుగులో ఒక మగ్గం పెద్దాయన ఇంట్లో కొత్త మిషను పెట్టి రా. సాయంత్రానికి అది లేసి నిలబడిందా, నువ్వు మనోడివి. ల్యాకపోతే మీ నాయన మాట ఇను," అన్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కును కాగితం కవరులో పెట్టి, పసిబిడ్డను అందించినట్టు అందించాడు. "ఒరిజినలు. అంచు పట్టుకోవాల. ఏలిముద్ర పడిందో, నీ ఏలు ఉండదు." బస్సులో జమ్మలమడుగు దాకా ఆ డిస్కును ఒళ్లో పెట్టుకుని, పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మినా మూతి తిప్పుకోమని బతిమాలుతూ వెళ్లాను.

పెద్దాయన ఇంట్లో ముందు గదంతా మగ్గమే. నేలలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని ఆయన. చీర అంచులకు డిజైన్లు గళ్ల కాగితం మీద గీసి గీసి కళ్లు పోతున్నాయని కంప్యూటరు తెప్పించారు. ఆ ఇంట్లో మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కినప్పుడల్లా మగ్గానికీ, అటూ ఇటూ పరుగెత్తే నాడెకూ బొట్టు పెట్టకుండా ఒక్క పోగు కదపరు. ఆ పని పెద్దాయన తల్లిది. కంప్యూటరుకు మాత్రం అవ్వ ఎందుకు మినహాయింపు ఇస్తుంది? పసుపూ కుంకుమ గిన్నెలతో వచ్చి మానిటరు నుదుటికి పెట్టింది, కీబోర్డుకు నాలుగు మూలలా పెట్టింది, మౌసును వేలితో తట్టి, "తోకతో కట్టేసినారు, మంచిపనే. ల్యాకుంటే ఇండ్లెంబడి తిరిగేది," అని దానికీ పెట్టింది. నేను సీపీయూ వెనక తల దూర్చి వైర్లు బిగించే పనిలో ఉన్నాను.

"ఏమప్పా, ఈ పళ్లెం మాదిరి దానికి మొగం ఎట్లపక్క?"

"మెరిసేదే అసలు మొగమవ్వా! ఉండేదంతా ఆ పక్కనే ఉండాది," అన్నాను, వెనక్కి తిరిగి చూడకుండా. సాంకేతికంగా అందులో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఒప్పుకుంటాను.

అవ్వ తన పని ముగించి డిస్కును కవరులో పెట్టింది. నేను సారు చెప్పినట్టు అంచులు పట్టుకుని, అక్షరాలు పైకుండేట్టు పళ్లెంలో పెట్టి లోపలికి తోశాను. నీలం తెర వచ్చింది. ఫైళ్లు కాపీ కావడం మొదలైంది. పది శాతం, ఇరవై, ముప్పై. వీధి జనం వెనక నిలబడి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నేను మీసం లేని చోట మీసం దువ్వాను. ముప్పై తొమ్మిది దగ్గర డ్రైవు గొంతులో ముల్లు పడిన పిల్లిలాగా గుర్రుమంది. ఫలానా ఫైలు కాపీ కాలేదు, మళ్లీ ప్రయత్నించాలంటే ఎంటర్ నొక్కమంది తెర. నొక్కాను. గుర్రుమంది. నా ఎంటర్ కీకి ఆ రోజు పడిన దెబ్బలు వడ్లకు కూడా పడి ఉండవు.

"కరెంటు లోపం," అన్నాను గంభీరంగా. ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టాను. ముప్పై తొమ్మిది. సీపీయూ మూత విప్పి ర్యామ్ పీకాను, పెద్దాయన డిజైన్ల పెట్టెలోంచి రబ్బరు తీసుకుని దాని పసుపు పళ్లు బాగా రుద్ది తగిలించాను. ముప్పై తొమ్మిది. డ్రైవు కేబులు తీసి అటుదిటు మార్చాను. ముప్పై తొమ్మిది. చివరికి మిషను ముఖం తూర్పుకు లేదు కాబట్టి అలా ఉందేమోనన్నాను. (ఇది కోర్సులో లేదు, నా సొంత పరిశోధన.) అవ్వ వెంటనే, "నేను అనుకుంటానే ఉండా!" అంది. నలుగురు కలిసి బల్లతో సహా తూర్పుకు తిప్పారు. తూర్పున కూడా ముప్పై తొమ్మిదే.

"డాక్టరు కడుపు కోసినాడు గానీ, రోగం యాడుందో కనపళ్లేదంట," అన్నాడు పక్కింటి కిరాణా శెట్టి. మిగిలినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఒంటినిండా అప్పుడే ముగ్గురాయి పొడి రాలుతున్నట్టనిపించింది. మిషను బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. అవెక్కడివో దేవుడికే తెలియాలి. జేబులో వేసుకున్నాను.

పొద్దున్నించీ మగ్గం ఆడిస్తూనే ఓరకంట చూస్తున్న పెద్దాయన నాడె పక్కన పెట్టాడు. "ఏమప్పా, ఎన్నిసార్లు జేసినావు?"

"ఐదుసార్లు, పెద్దాయనా."

"అన్నిసార్లూ ఆడనే నిలబడిందా?"

"ఆడనే."

"మరి మగ్గాన్నెందుకు ఇప్పుతాండావు? మగ్గం సెడితే తప్పు ఒకసారి ఈడ పడతాది, ఇంగోసారి ఆడ పడతాది. పొద్దస్తమానం ఒకే తావున పడతాందంటే అది పోగులో ఉండేది. పోగు సూడు."

సర్టిఫికెట్ ఉన్నవాడి నవ్వొకటి నవ్వాను. "ఇది వేరే సబ్జెక్టు పెద్దాయనా."

"కానీలే. సూస్తే ఏం పోతాది?"

పోయేదేమీ లేదు, ఉన్నది కూడా ఎలాగూ పోతోంది. డిస్కు బయటికి తీసి, ఆ రోజు మొదటిసారిగా తిరగేశాను. నడిమి రంధ్రానికీ అంచుకూ మధ్య, గుండ్రంగా ఎండిన పసుపు, దాని నడుమ కుంకుమ. వేలిముద్ర పడితేనే వేలు ఉండదన్నాడు సారు. దీనికి ఏం తీస్తాడో ఊహకు అందలేదు.

"ఎంత సక్కంగా ఉండాదో సూడు," అంది అవ్వ మురిపెంగా.

తుడవాలన్నాను. అవ్వ ముఖం ఎర్రబడింది. "పెట్టిన బొట్టు తుడిసేదేంది? కొత్తగా ఇంటికొచ్చిన దానికి! మీ ఇండ్లల్ల అట్ల జేస్తారా?" శెట్టి కూడా తల దించుకున్నాడు. ఒక పక్క అవ్వ, ఒక పక్క మంగంపేట, మధ్యలో డిస్కు పట్టుకుని నేను. పెద్దాయన గుంటలోంచి లేచి వచ్చి, "తుడిసేది కాదులేమా. ఆ పక్క అక్షరాలుండాయే, అది సరస్వతమ్మ పక్క. ముందు ఆడ పెట్టు. ఆ తర్వాత ఈడిది తీస్తాం. బొట్టు ల్యాకుండా క్షణం గూడా ఉండదు," అన్నాడు. అవ్వ గిన్నెలు మళ్లీ తెచ్చి, అక్షరాల పక్క చిన్న బొట్టు పెట్టింది. అది ఆరేదాకా అందరం ఊదాము. తర్వాత పెద్దాయన మగ్గం మీది మెత్తటి నూలు గుడ్డ తడిపి ఇచ్చాడు. నేను ఊపిరి బిగబట్టి, నడిమినుంచి అంచుకు, నడిమినుంచి అంచుకు తుడిచాను.

ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది దగ్గర తెర ఎంతసేపు నిలిచిందంటే, ఆలోపు ఒక చీర నేసి మడత పెట్టేయొచ్చు. నలభై! వీధి వీధంతా అరిచింది. శెట్టి దుకాణానికి వెళ్లి బెల్లం ముక్కలు తెచ్చి పంచాడు.

సాయంత్రం మిషను లేచి నిలబడింది. శెట్టి నా నోట్లో ఇంకో బెల్లం ముక్క పెట్టాడు. అప్పుడే ఆ ఇంటి ఫోను మోగింది. స్క్రూల సారు. మదర్‌బోర్డులో బయటికి చెప్పలేని ఒక భయంకర లోపం, దాన్ని నేను కనిపెట్టిన విధానం, పూర్తి కథ నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. సారు నా మాట వినకుండా, "పెద్దాయనకియ్యి," అన్నాడు. ఇచ్చాను. గోడకు ఆనుకున్నాను.

పెద్దాయన రిసీవరును దూరంగా పట్టుకుని, గట్టిగా చెప్పాడు. "ఆ, లేసింది సామీ. మీ పిల్లోడు లోపలుండేదంతా ఇప్పి, తుడిసి, మళ్లా బిగించినాడు. పొద్దున్నించీ కూడు గూడా తినల్యా. చెప్తే ఇంటాడు. పెట్టుకోండి."

సోమవారం నేను కడప షాపుకే వెళ్లాను. మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు.

ఇన్నేళ్లలో ఈ సంగతి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒకచోట ఆ లోపం నేనే పట్టానన్నాను, మరోచోట ఊరి కరెంటంతా పోయి నా ఒక్క మిషనే వెలిగిందన్నాను, ఒక పెళ్లి పందిట్లో అయితే అవ్వనే తీసేశాను. కానీ ఆ రోజు ఫోనులో పెద్దాయన చెప్పిన ఆ నాలుగు మాటల్లో ఎక్కడా అబద్ధం లేదు, చెప్పకూడనిదీ లేదు. నా ఉద్యోగం వాటి మీదే నిలబడింది. గోడకు ఆనుకుని, నోట్లో కరగని బెల్లం ముక్కతో, తన గురించి అంత మంచి నిజాలుంటాయని మొదటిసారి వింటున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాపం, అబద్ధమొకటి అంత కష్టపడి తయారు చేసుకున్నాడు.