ఎర్త్ గుంతకు రెండు బిందెలు

మా సబ్‌స్టేషన్ ముదిగుబ్బ దాటాక వేరుశనగ చేల మధ్య ఉంటుంది. నేను ఇంజనీరుగా చేరేనాటికి అక్కడ ముప్పై ఏళ్ల సర్వీసున్న ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు విని జబ్బేమిటో చెప్పేవాడు. ఎండాకాలమంతా పొద్దున్నే, టీ కూడా తాగకముందే, ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోసేవాడు. తీగ తెగిపడితే కరెంటు ఆ గుంతలోంచే భూమిలోకి దిగిపోవాలి. నేల ఎండిపోతే దిగదు, ఇనుప స్తంభాలకు పాకుతుంది.

ఆయన రిటైరయ్యే ముందు పైఆఫీసు ఒక సాఫ్ట్‌వేర్ పంపింది. ఆయనంత తెలిసినవాళ్లు ఇక దొరకడం లేదట, ఇది ఆ లోటు తీరుస్తుందట. దాన్ని చిన్నచూపు చూడను. ఒక జాయింటు వేడెక్కుతోందని మా అందరికంటే ముందే పసిగట్టింది. ఆయన మాత్రం స్క్రీను వైపు చూసి నాతో ఒకే మాటన్నాడు.

"నేలకు దప్పికైతాండాదని దానికి తెలీదు మేడమ్. మీరే చెప్పల్ల."

ఆ మాట నాకు చాదస్తంగా తోచింది. ఆయన వెళ్లాక వచ్చిన ఎండాకాలంలో ఊరికి ట్యాంకరు మూడు రోజులకోసారి వచ్చేది. గేటు బయట ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉంటే, లోపల మట్టిలో నీళ్లు పోయడానికి నాకు మనసొప్పలేదు. మానేశాను. గుంత కరెంటును ఎంత బాగా దించుతోందో చెప్పే ఎర్త్ రీడింగ్ సాఫ్ట్‌వేర్ అడిగితే, కొలవకుండా వానాకాలపు నంబరే కొట్టాను. అంతా బాగుందని అది పచ్చగా చూపించింది. నేను నమ్మాను. నా అబద్ధాన్ని నేనే నమ్మాను.

వారం తిరక్కముందే గాలికి తీగ తెగింది. ఆ క్షణంలో మా లైన్‌మన్ యార్డులో ఇనుప స్తంభం మీద చెయ్యి వేసి ఉన్నాడు. ప్రాణం దక్కింది కానీ కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. ఇరవై ఏళ్లు స్తంభాలెక్కిన మనిషి ఇప్పుడు ఫోనుల దగ్గర కూర్చుంటున్నాడు.

విచారణలో నిజమే రాసిచ్చాను. అడిగి మరీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రశ్న పెట్టించాను. ఎండాకాలం రోజూ పొద్దున అది అడుగుతుంది, గుంతకు నీళ్లు పోశారా అని. పోసి, కొలిచి, అప్పుడే జవాబిస్తాను. కానీ ఆ లైన్‌మన్ ముఖం చూసి చెప్పడానికి ఏడాది పట్టింది. పిరికిదాన్ని.

మొన్న నీళ్లు పోస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆ నంబరు కొట్టింది నేనే అన్నా. కొలవకుండా కొట్టినా."

"తెలుసు మేడమ్. ఆస్పత్రిలోనే చెప్పినారు. మీరెప్పుడు చెప్తారా అని చూస్తాండా."

నేను రెండో బిందె అందుకోబోయాను. అతను నా చేతికివ్వలేదు. నడుముకు ఆనించుకుని, ఎడమచేత్తో వంచి, చుక్క మిగలకుండా తనే పోశాడు.