సూదిలో దారం ఎక్కేంతసేపు

మా వీధిలో బట్టలు కుట్టే ఆమెను అందరూ మిషనక్క అంటారు. మిషను ముందు లేకపోయినా ఆమె కుడికాలు తొక్కుతూనే ఉంటుంది. అన్నం తింటున్నా, ఫోనులో మాట్లాడుతున్నా అంతే. "నీ పక్కన కూర్చుంటే బస్సెక్కినట్టుంటుందే" అని ఆడపడుచు వెక్కిరిస్తుంది.

చివరికి ఆ కాలే ఆమెకు బెంగైపోయింది. నాలుగో నెల దాటాక స్కానింగులో డాక్టరమ్మకు ఏదో అనుమానం వచ్చి, పొట్టలోకి సూది దించి ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపాలంది. సూది లోపలున్నంతసేపూ కదలకూడదు. కదిలితే బిడ్డకు గుచ్చుకుంటుందేమోనన్న దిగులుతో మిషనక్క ఒకరి జాకెట్టు చేతులు ఇంకొకరి జాకెట్టుకు కుట్టేసింది.

ఆ రోజు ఆడపడుచు తోడు వెళ్లింది. గది బయట ఇద్దరూ కూర్చున్న బల్ల ఒకటే ఊగుతోంది.

"భయపడకమ్మా, చీమ కుట్టినట్టుంటుందంతే" అంది నర్సు.

"చీమ కుడితే ఎగిరి గంతేస్తాను సిస్టర్! కదలొద్దంటూనే చీమ సంగతి చెబుతారేంటి?"

"పోనీ, మత్తు సూది ఇమ్మందామా?"

"వద్దొద్దు! లోపల పిల్ల కూడా నిద్రపోతే?"

నర్సు నవ్వింది. "నిద్రపుచ్చేది కాదమ్మా. గుచ్చేచోట చర్మం మొద్దుబారుతుందంతే. కాకపోతే అదీ సూదే, కాస్త మండుతుంది. అది లేకుండా చేయించుకునేవాళ్లూ ఉన్నారు. నీ ఇష్టం."

"నొప్పికి కాదు సిస్టర్, ఈ కాలికే నా భయం."

"ఒసేయ్, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఆగుతుందిగా నీ కాలు!" అంది ఆడపడుచు. "ఊపిరి కూడా బిగబడతావు."

"ఊపిరి మాత్రం వదులుతుండాలి" అంది నర్సు.

లోపల పడుకోబెట్టి పొట్ట మీద చల్లటి జెల్ రాశారు. మత్తు సూది వద్దనుకున్న మిషనక్క, లేని సూదినీ లేని దారాన్నీ ముఖానికెదురుగా పట్టుకుంది. డాక్టరమ్మ "ఇప్పుడు" అంది. చర్మం చురుక్కుమంది. ఆ వెంటనే లోపలెవరో బిగుతు కుట్టును లాగినట్టు పట్టేసింది. దారం కొస బెజ్జం తప్పింది. ఊపిరి వదిలి, మళ్లీ సరిచేసుకుంది.

"అయిపోయిందమ్మా, ఇక కదలొచ్చు."

"ఉండండి, ఇంకా ఎక్కలేదు."

ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. కాసేపు కూర్చుని వెళ్లమంటే బయట బల్ల మీద కూర్చున్నారు. బల్ల మళ్లీ ఊగింది. మిషనక్క తన కాలు చూసుకుంది. కదలడం లేదు.

"వదినా," అంది మెల్లగా, "ఇప్పుడు బస్సు నువ్వు నడుపుతున్నావు."