నాయన మిలిటరీ కంపాసు

కుదురుగా కూర్చున్న రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతావని అమ్మ ఉన్నన్నాళ్లూ దెప్పేది. ఇప్పటికీ అంతే. రాబర్ట్‌సన్‌పేట ఇంటి నుంచి కోలారు ఆఫీసుకు రోజూ బస్సు. పొద్దున భుజాన బ్యాగు తగిలించుకుని, ఒక చెప్పు వేసుకుని రెండోది వెతుక్కుంటుంటాను. సరిగ్గా అప్పుడే నాయన దిక్కులు చూపే తన ఇత్తడి కంపాసు తెచ్చి నా చేతిలో పెడతాడు.

మా ఊరి బంగారు గని మూతపడేదాకా ఆయన సర్వేయరు దగ్గర హెల్పరు. ఆ సర్వేయరు మునుపు మిలిటరీలో పనిచేసినవాడు. ఊరు వదిలి వెళ్తూ తన పాత కంపాసును నాయనకిచ్చాడు. అరచేతిలో పట్టేంత డబ్బా. మూత కీలు ఇప్పటికీ వదులు కాలేదు. మూత వేయగానే లోపల చిన్న మీట ఒకటి ముల్లును పైకెత్తి పట్టుకుంటుంది, కింది మొన అరిగిపోకుండా. ఎవరు చేశారో గానీ, తమ తర్వాత వాడబోయేవాళ్లనూ తలుచుకుని చేశారు.

గనిలో కంపాసు తెరిచేముందు అందరూ ఇనుప సామాను దూరంగా పెట్టి రావాలట. ఇంట్లోనూ నాయన అదే అడుగుతాడు.

"ఒంటిమీద ఇనుమేమన్నా ఉండాదా అమ్మా?"

"లేదు నాయనా, ఉత్త గాజు గాజులే. తొందరగా కానీ."

మా గడపలో నిలబడితే గనిలోకి మనుషుల్ని దింపిన పాత షాఫ్టు టవరు నేరుగా ఉత్తరం. చూపు తగ్గాక ఆయనకు ముల్లు కనబడదు. అది టవరుకేసి నిలిచిందని నేను చెప్పాలి. చెబితేనే ఆయనకు ఆ రోజు మొదలవుతుంది.

పోయిన నెల ఒక పొద్దున ముల్లు టవరును వదిలేసి పక్కకు తిరిగింది. వారమంతా అంతే. ఆ గొడవలో బస్సు తప్పిపోయిన రోజున నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"యాడో కింద పడేసినావు నాయనా. చెప్పకుండా దాచినావు."

"నా చేతిలోంచి అది ఒక్కసారి కూడా పడలేదమ్మా."

"మరి ఊరికే చెడిపోతుందా?" అనేసి వెళ్లిపోయాను.

నాలుగు రోజులు ఆయన డబ్బా తీయలేదు. ఐదో రోజు తనే అన్నాడు: "నేనే పడేసుంటాలే. ఏం చేస్తాండానో నాకే తెలవడం లేదు. ఇంగ దాన్ని ఎవురికన్నా ఇచ్చేయ్."

ఆయన తన చేతులనే నమ్మడం మానేశాడు. నాకు భయమేసింది. ఆఫీసులో కూర్చున్నా లేచినా అదే ఆలోచన. శనివారం డబ్బా పట్టుకుని బజారులో గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన విప్పబోయి ఆగాడు.

"నువ్వు కదిలితే ముల్లు కదులుతాండాది. ఆ బ్యాగు దూరంగా ఆ బెంచీమీద పెట్టమ్మా."

పెట్టాను. ముల్లు వణికి, మెల్లగా తిరిగి, నిలబడిపోయింది. పోయిన నెలే కొన్న బ్యాగు. దాని మూతలో, తోలు కింద కనబడకుండా, మూత అతుక్కోవడానికి పెట్టిన అయస్కాంతం ఉంది. తల కొట్టేసినట్టయింది నాకు.

ఇంటికొచ్చి బ్యాగు పెరట్లో పడేసి, గడపలో నాయన పక్కన కూర్చుని డబ్బా ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వు పడేయలేదు నాయనా. నా బ్యాగులో అయస్కాంతం ఉండాది. తప్పంతా నాదే."

ఆయన బొటనవేలితో మూత కీలు తడిమి, డబ్బా తెరిచాడు.

"ముల్లు యాడ నిలిచింది?"

"టవరు మీదనే."

తల ఊపాడు. లోపలికెళ్లి కాఫీ తెచ్చిచ్చాను. ఎప్పుడూ ఒంటిచేత్తో లోటా ఎత్తి తాగే మనిషి, ఆ రోజు ఎక్కడ జారిపోతుందో అన్నట్టు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తాగాడు.