ఈరన్న పెదనాయన పాటలో మగ్గం చప్పుడు

కంబంలోంచి పలికిన స్వామికి ముందుగా నమస్కారం. రాయి అనక, కొయ్య అనక, పిలిచిన చోటికి వచ్చే లక్ష్మీనరసింహుడి దయ లేకపోతే ఈ నాలుగు మాటలు రాసే బుద్ధి నాకు పుట్టేది కాదు. ఆయన కీర్తి ఎల్లకాలమూ నిలుచుగాక.

ఈ ఉదయం ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో వస్తూ, పత్తి మిల్లుల దగ్గర చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. కిటికీలోంచి దూది నలుసులు లోపలికి ఎగిరివస్తున్నాయి. పాటకన్నా ముందు రెండు దెబ్బలు వినిపించాయి. నేతలో పోగును బిగించే మగ్గం పలక కొట్టిన దెబ్బలు. ఆ తర్వాతే గొంతు. ఎన్నిసార్లు విన్నా ఆ రెండు దెబ్బలకే నా కళ్ళు చెమరుస్తాయి. పక్కసీటామె ఏమైందని అడిగితే దూది పడిందన్నాను.

ఆ గొంతు ఈరన్న పెదనాయనది. ఆయన మాకు చుట్టం కాదు. మా గోడకు ఆనుకున్న ఇల్లు, ఆ ఇంట్లో గుంట మగ్గం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ, నేసినంతసేపూ పాడేవాడు. ఎవరో రాసిచ్చిన పాటలు కావవి. పురాణంలో విన్న కథను తన మాటల్లో అల్లుకునేవాడు. శనివారం భజనలో చిడతలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ముందు పాడాలని మా వీధి కట్టుబాటు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ చిడతలు ఆయన చేతిలోనే ఉండేవి. మా అమ్మ ఒడిలో కూర్చుని పురాణం విని, తర్వాత నేనే చదివి వినిపించే వయసుకు వచ్చినా అంతే.

మిల్లు ఆఫీసులో ఉద్యోగం వచ్చాక ఫోన్లో నేనొక పేజీ పెట్టుకున్నాను. ఒక సినిమా గాయకుడంటే నాకు ప్రాణం. ఆయన పాటలు పెట్టి, కింద ‘అద్భుతం’, ‘అమృతం’ అని రాసేదాన్ని. ఒకరోజు పెదనాయన అవి చదివి వినిపించమన్నాడు. విని, అటూ ఇటూ పోగు నడిపే నాడెను పక్కన పెట్టాడు.

“పొగిడినావు సరే పాపా. ఆ పాటలో యాడ నీ గొంతు పట్టుకున్యాది? అది సెప్పల్యా.”

అప్పుడు తన సంగతి చెప్పాడు. వయసులో ఉండగా కౌతాళం వైపు కన్నడ నాటకాలకు సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడట. రాజు వేషం కట్టే ఒకాయనంటే పిచ్చి అభిమానం. ఎందుకని అడిగితే, పద్యం సంగతి ఎత్తలేదు. “ఏడిసే ముందర కిరీటం తీసి పక్కన పెడతాండె. రెండు సేతులతో, పసిబిడ్డను పండబెట్టినట్ల. దానికోసం పోతాంటి” అన్నాడు. ఆ రాత్రి నేను రాసినవన్నీ తుడిచేశాను. నాకు రాయడం వచ్చిందంటే ఆ కిరీటం దగ్గరే వచ్చింది. అప్పటినుంచి పేజీలో పాటతోపాటు నా మనసులో మెదిలేవి, దేవుడి గురించి నాకు తోచినవి కూడా రాస్తూ వచ్చాను.

ఆయన పాట కూడా అందరూ వినాలనిపించింది. మగ్గం మీద ఉండగా ప్రహ్లాదుడి పాట రికార్డు చేశాను. నా తప్పు అక్కడ జరిగింది. మగ్గం గోల ఎందుకని ఫోన్లోనే దాన్ని తీసేశాను. తీసేశాక చరణానికీ చరణానికీ నడుమ ఖాళీలు మిగిలాయి. వింటే విసుగొస్తుందని వాటినీ కత్తిరించాను. మునుపెన్నడూ లేనంతమంది విన్నారు. గొంతు బాగుందన్నవారున్నారు, లయ తెలియని ముసలాయన అన్నవారూ ఉన్నారు.

ఆ మాట భజనకు చేరింది. డోలక్ వాయించే రామాంజి అందరి ముందూ అడిగాడు: “ఏం ఈరన్నా, ఆదోని బస్సు ఎల్లిపోతాదనా అంత తొందరగా పాడినావు?” అందరూ నవ్వారు. పెదనాయనా నవ్వాడు. ఎవరో ఫోన్లో వినిపించిన పాటను చివరిదాకా విని, చిడతలు రామాంజి ముందు పెట్టి, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మరునాడు నన్ను పిలిచి ఒక్కటే అడిగాడు. “మగ్గం యాడ పాయ పాపా?”

గోల లేకుండా వినపడాలని తీసేశానన్నాను.

“నేను దాని మీదనే నడుస్తాంటి. అది రెండు దెబ్బలు కొట్టినంక గదా నేను నోరు తెరిసేది” అన్నాడు. కోపం లేదు. అంతటితో మళ్ళీ నేతలో పడ్డాడు, పాడలేదు. గోడ ఇవతల నుంచి ఆ వారమంతా వట్టి చప్పుడే విన్నాను.

మూడు శనివారాలు ఆయన వెనకే కూర్చున్నాడు. నిజం చెప్పాల్సింది నేను. కానీ నా పేజీకి వస్తున్న మెప్పు నా నోరు కట్టేసింది. ఆ మూడో శనివారం పురాణంలో నేను చదవాల్సిన భాగం కంబం ఘట్టం. ఇందులో ఉన్నాడా అని తండ్రి అడిగితే ఉన్నాడని బిడ్డ చెప్పిన చోట చదవడం ఆపేశాను. కొయ్య కంబంలో స్వామి ఉన్నాడని చదువుతున్న నేనే, కొయ్య మగ్గంలోంచి వచ్చినదాన్ని గోల అని తీసిపారేశాను. పుస్తకం మూసి, జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పాను. తాకని రికార్డు ఫోన్లో ఇంకా ఉంది, స్వామి దయ. దాన్ని పెట్టాను.

రెండు దెబ్బలు. గొంతు. మళ్ళీ రెండు దెబ్బలు. నేను ఖాళీ అనుకున్న చోటల్లా మగ్గం పలుకుతోంది. రెండో చరణానికి రామాంజి వేళ్ళు తెలియకుండానే డోలక్ మీద ఆ దెబ్బలు వేస్తున్నాయి. పాట అయ్యాక రామాంజి లేచి వెళ్ళి చిడతలు పెదనాయన చేతిలో పెట్టాడు. పెదనాయన వాటిని అందుకుని అన్నాడు: “పాట ఎత్తుకోండప్పా, పెసాదం సల్లారిపోతాంది.”

ఇంటికి వస్తూ, కత్తిరించిన పాటను పేజీలోంచి తీసేస్తానన్నాను. వద్దన్నాడు.

“ఉండనీ. దాని కిందనే ఇది పెట్టు. నేనిట్ల సెరిపితిని అని రాయి. ఇనేటోళ్ళు రెండూ ఇననీ.”

పెదనాయన పోయిన కార్తీకంలో స్వామి సన్నిధికి చేరాడు. మగ్గం విప్పేశారు, గుంట పూడ్చేశారు. గోడ అవతల ఇప్పుడు చప్పుడు లేదు. నా పేజీలో మాత్రం ఆ రెండు పాటలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, నడుమ నా తప్పు నా మాటల్లోనే ఉంది. ఆ తర్వాత ఎవరి పాట పెట్టినా కుక్క అరుపుగానీ, పొయ్యి మీద గిన్నె చప్పుడుగానీ తీయలేదు. ముందు పాడినవారికి వినిపించి, ఇది నీదేనా అని అడిగాకే పెడుతున్నాను.

చదివినవారు ఒక్కసారి ఆ పాట వినండి. మగ్గం రెండు దెబ్బలు కొట్టి, ఆయన ఇంకా నోరు తెరవని ఆ కాస్త చోటులో, ఈరన్న పెదనాయన కోసం నాతోపాటు ‘నరసింహా’ అనండి. ఆ చోటు అందుకు సరిపోతుంది.